గొడ్డు గోడిగల చరిత్ర

బోగోలునకు తూర్పున జువ్వలదిన్నె మొదలైన జాలరిపల్లెలును, వానిని దాటిన సముద్రమును. ఊరి దాపున చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు ఇనుపదారియు, రాచబాటయు. ఈ మండలములోనిదే యైన బిట్రగుంట ఆవిరియంత్రముల కాలమున గొప్ప మజిలీగా నుండెను. ఇన్ని దారులు గల సీమలో నేడు గుఱ్ఱమును చూడగోరు బిడ్డ దేవుని అశ్వవాహనమునో, పెండ్లి యూరేగింపునో కనిపెట్టుకొని యుండవలసినదే. జట్కాబండ్లు పోయినవి, వానిని లాగిన పొట్టి తట్టువలును పోయినవి. ఉలవలు మాత్రము మిగిలినవి. వానిని మనమే తినుచున్నాము.

ఆవులకును ఎద్దులకును ఈ సీమ పుట్టినిల్లు. ఒంగోలు, నెల్లూరు పసులు సముద్రములు దాటి బ్రెజిలు దేశము చేరి, అచ్చట మన జిల్లా పేరుతోనే 'నెలోర్' అను జాతియై, లెక్కకు మిక్కిలిగా పెరిగినవి. పసులను ఓడ కెక్కించిన ఈ తీరమే గుఱ్ఱములను ఓడలనుండి దింపుకొనవలసివచ్చెను. ఆవు ఈనిన నేలపై గుఱ్ఱ మేల ఈనలేదు? ఈ ప్రశ్న పశువైద్యులకు మాత్రమే చెందినదని తోచవచ్చును. కాని సంతానము కలుగనప్పుడు తప్పును ఎవరిపై మోపవలెనను విచారము దీనిలో ఇమిడియున్నది. ఆ విచారము మన యిండ్లలోనిదే కనుక, గృహస్థులైన చదువరుల యెదుట దీనిని పెట్టుచున్నాము.

బోగోలునకు ఉత్తరముగా ఇదే తీరమున మోటుపల్లి యున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున అచ్చట వేయించిన అభయశాసనము ప్రసిద్ధము. గాలివానకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండిరనియు, తాను అట్లు చేయక నియతమైన సుంకమునే గైకొందుననియు ఆ రాజు వర్తకులకు మాట యిచ్చెను. బంగారమునకును రత్నములకును సరిగా గుఱ్ఱము ఎన్నబడుటను బట్టియే దాని వెల యెంతటిదో ఊహింపవచ్చును.

ఆ శాసనము పుట్టిన అర్ధశతాబ్దమునకు వెనిసు నగరపు మార్కోపోలో ఈ తీరముల వెంబడి పోయెను. మోటుపల్లిని గూర్చియు, ఆ రాజ్యము నేలిన వివేకవతియైన రాణిని గూర్చియు ఆతడు వ్రాసెను. ఆ రాణి రుద్రమదేవి యని చరిత్రకారుల మతము. గణపతిదేవుని కూతురైన ఆమెను ఆతడు మరణించిన రాజునకు భార్యగా చెప్పుట పోలో పొరపాటు. మనకు దక్షిణముననున్న పాండ్యదేశమును ఆతడు మాబారు అని పిలిచెను. అచ్చటి గుఱ్ఱముల సంగతి ఆతని గ్రంథములో మిక్కిలి వింతగా నున్నది. హొర్ముజునుండియు, ఏడెనునుండియు వర్తకులు గుఱ్ఱములను ఓడలపై తెత్తురు. ఒక్కొక్క గుఱ్ఱమునకు నూఱు మార్కుల వెండికి మించిన వెల. అన్నదమ్ములైన ఐదుగురు రాజులు ఒక్కొక్కరు ఏటికి రెండువేల చొప్పున కొందురు; ఏడాది చివరకు నూఱైనను మిగులవు. గుఱ్ఱమును ఎట్లు సాకవలెనో ఆ రాజుల పరివారమునకు తెలియదు. వండిన యన్నమును మాంసమును పెట్టుదురు. లాడములు కొట్టి వైద్యము చేయు వారిని వర్తకులు తాము తీసికొనిరారు, రానీయరు. చచ్చినకొలది అమ్మకము పెరుగును గదా!

మన విషయమునకు ముఖ్యమైన మాట దీని వెంటనే యున్నది. ఆ దేశమున గుఱ్ఱములు పుట్టవనియు, ఎన్నిమాఱులు పరీక్షించి చూచినను అట్లే తేలినదనియు, మేలుజాతి గోడిగకు మేలుజాతి మగగుఱ్ఱమును కలిపినను వంకరకాళ్ల పిల్ల పుట్టి స్వారికి పనికిరాకుండుననియు ఆతడు వ్రాసెను. ఒక దేశమునకే గొడ్డుతనము నంటగట్టిన వాక్యము లోకచరిత్రలో బహుశః ఇదియే మొదటిది కావచ్చునని మేము పరిహాసముగా అనుకొనుచుందుము.

పారసీక చరిత్రకారుడైన వస్సాఫు సైతము ఈ వ్యాపారమును వర్ణించెను. ఏటికి పదివేల గుఱ్ఱములు మాబారునకును తత్సమీప రేవులకును వచ్చుచుండెననియు, వాని వెల ఇరువదిరెండు లక్షల దీనారములనియు ఆతని లెక్క. ఆతని ప్రకారము అచ్చటివారు గుఱ్ఱములకు పెట్టునది మాంసము గాదు. నేతిలో వేచిన గింజలును, కాచిన ఆవుపాలును. సాక్షు లిద్దఱును మేతను గూర్చి భేదించిరి కాని, గుఱ్ఱములు నిలువలేదనుటలో ఏకీభవించిరి. రెండు మేతలలో ఏది నిజమైనను, ఎండుగడ్డిపైని జొన్నపైని పెరిగిన జంతువునకు మేలు చేయునది కాదని ఏ గుఱ్ఱపువాడైనను చెప్పగలడు.

విజయనగర కాలమునకు ఈ యవసరము మఱింత హెచ్చెను. సాళువ నరసింహుడు వెయ్యి పర్దావులకు మూడు గుఱ్ఱముల చొప్పున, చచ్చినవానికిని బ్రతికినవానికిని ఒకే వెల యిచ్చెననియు, దారిలో చచ్చినవాని తోకలను తెచ్చి చూపినను సొమ్ము చెల్లించెననియు పోర్చుగీసువాడైన నూనిజు వ్రాసియుంచెను. కృష్ణదేవరాయలు ఏటేట హొర్ముజు గుఱ్ఱములును నాటుగుఱ్ఱములును కలిసి పదుమూడువేలు కొనుచుండెనని ఆతడే చెప్పుచున్నాడు. ఉదయగిరిని గజపతులనుండి 1514లో గెలిచికొనిన ఆ రాజు ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు దూరద్వీపముల వర్తకులకు ఊళ్లును, మంచి యిండ్లును, కొలువును, లాభమును కల్పించి తన వారినిగా చేసికొనవలెనని ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసమున రాజనీతిగా చెప్పియున్నాడు. ఆ గుఱ్ఱములు శత్రువులకు చేరకుండుటయే ఆ నీతి ప్రయోజనము. గుఱ్ఱములను ఇంట పుట్టించుకొనుటకంటె ఓడలను కనిపెట్టుట ఆ కాలపు రాజులకు సులువుగా తోచినది.

ఇందులో 'దేశదోష' మెంత? ఎండ, తేమ, గుఱ్ఱమునకు తగిన పచ్చికబయళ్ల లేమి, ఇవి నిజమైన యిబ్బందులే. జోరీగల కాటువలన నెత్తురులో చేరి గుఱ్ఱములను ఒంటెలను చంపు 'సుర్రా' యను వ్యాధి యొకటి కలదు. దాని క్రిమిని గ్రిఫితు ఎవాన్సు అను పశువైద్యుడు 1880లో ఈ దేశమునందే కనిపెట్టెను. మఱియు గోడిగ సాధారణముగా పగలు పొడవైన ఋతువున ఎదకు వచ్చు జంతువు. మన అక్షాంశములలో పగటి పొడవు ఏడాది పొడుగునను పెద్దగా మాఱదు. అయినను నేల గొడ్డుదనుట అబద్ధము. మైసూరు సీమలో టిపూ సుల్తాను కాలమునాటి కుణిగల్ అశ్వశాలలో ఇరువదవ శతాబ్దమున పందెపు గుఱ్ఱములు తరతరములుగా పుట్టి పెరిగినవి. అది మన బోగోలునకు దక్షిణముననే యున్న చోటు. కావున పాండ్యరాజుల శాలలలో గుఱ్ఱములు ఈనకుండుటకు నేలయే కారణమనుట చెల్లదు. మేత తెలియని పోషకుడును, వైద్యుని రానీయని వర్తకుడును అందు ప్రధాన దోషులని మా యభిప్రాయము. చచ్చిన గుఱ్ఱమునకు బదులు మఱియొక గుఱ్ఱము నమ్మువానికి ఇచ్చట పిల్లలు పుట్టుటవలన నష్టమే గాని లాభము లేదు.

నేలను నిందించుట ఒక తెఱగు. జంతువును నిందించుట మఱియొక తెఱగు. ఇది మన శాస్త్రములలోనిది. శాలిహోత్రుని పేరను, నకులుని పేరను వెలసిన అశ్వశాస్త్రములు గుఱ్ఱము మేని సుడులను లెక్కించి, ఏ చోటి సుడి శుభమో, ఏ చోటి సుడి యజమానికి కీడో నిర్ణయించినవి. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమను పేర ఈ విద్యను పద్యములలో పెట్టెను. ఈ గ్రంథములను తృణీకరించుట మా యుద్దేశము గాదు. పండ్లను చూచి వయసు చెప్పుటలోను, నడకను చూచి గుణము చెప్పుటలోను వారి చూపు సూక్ష్మము. కాని సుడిశాస్త్రము గుఱ్ఱపుశాలలో నిలిచిపోలేదు. పెండ్లిచూపులలో పిల్ల నుదుటి సుడిని, మెడమీది సుడిని వెదకిన పెద్దల నెందఱినో ఎఱుగుదుము. గోడిగను కొనువాని కన్నును కోడలిని తెచ్చుకొను వారి కన్నును ఒక్క పాఠమునే చదువుకొనినవి.

సంస్కృతమున ఈ విషయమున మఱియొక నమ్మకము కలదు. అశ్వతరి, అనగా ఆడు కంచరగాడిద, గర్భము ధరించినచో అది తన చావునకే యని భారతములో ఉపమానముగా చెప్పబడినది. కంచరగాడిద ఈనదని పూర్వులకు తెలియును. ఏల ఈనదో తెలియదు. తెలియని చోట కడుపు పండుటనే మృత్యువుగా చిత్రించిరి. ఆ ఏల యనుదానిని తరువాత చూతము.

కుంఫిణీవారికిని ఈ చిక్కు తప్పలేదు. పదునెనిమిదవ శతాబ్దము చివర వారు బీహారులోని పూసాయందు అశ్వశాలను పెట్టి, ఈ దేశమందే దండు గుఱ్ఱములను పుట్టింపబూనిరి. 1808లో దాని పెత్తనమునకు వచ్చిన విలియం మూర్‌క్రాఫ్టు ఇంగ్లీషువారిలో పశువైద్యమును శాస్త్రముగా నేర్చిన మొదటివాడు. మంచి మగగుఱ్ఱములు దొరకినగాని ఈ పని సాగదని ఆతడు హిమాలయములు దాటి బొఖారావఱకు పోయి, తిరిగి వచ్చుచు 1825లో దారిలోనే మరణించెను. పందొమ్మిదవ శతాబ్దపు ఎనిమిదవ దశకమున సర్కారు ఆ శాలల నెత్తివేసి ఆస్ట్రేలియా గుఱ్ఱములను కొనుటకు దిగెను. ఓడ మాఱినది గాని పద్ధతి హొర్ముజు నాటిదే.

ఇంతవఱకు నేలను, మేతను, మగగుఱ్ఱమును, సుడిని చూచితిమి. ఇక గోడిగ మేనిలోనికి చూడవలెను.

జీవుల శరీరములు కణములతో కట్టబడినవి. కణము నడుమ నుండు కేంద్రకములో, కణము రెండుగా చీలు సమయమున, రంగు పట్టు సన్నని పోగులు కానవచ్చును. వానికి 1888లో వాల్డెయరు అను జర్మను పండితుడు క్రోమోసోములని పేరు పెట్టెను. గ్రీకు భాషలో 'రంగుమేనులు' అని యర్థము. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటిగా ఇవి జతలు జతలుగా నుండును. గుఱ్ఱమునకు ముప్పదిరెండు జతలు, అనగా 64. వీనిలో ముప్పదియొక జతలు ఆడుదానికిని మగదానికిని సమానము. కడపటి జత మాత్రము ఆడుదానికి ఎక్సు, ఎక్సు. మగదానికి ఎక్సు, వై.

ఈ కడపటి జత సంగతిని 1905లో తేటపఱచినవారిలో నెట్టీ స్టీవెన్సు అను అమెరికా స్త్రీ యొకతె. ఆమె మావలెనే కొంతకాలము బడిపంతులు పని చేసి, తరువాత పరిశోధనలోనికి వచ్చినది. ఆ యేడే విల్సను అను పండితుడును వేఱుగా ఈ విషయమునే ప్రకటించెను. పిండిపురుగులను పరీక్షించి ఆమె కనుగొన్నది యేమనగా: పుట్టబోవు పిల్ల ఆడుదగుటయు మగదగుటయు తండ్రి బీజమునుబట్టియే. మనుష్యులకును గుఱ్ఱములకును ఇదే నియమము. కొడుకు పుట్టలేదని కోడలిని నిందించు అత్తగారు నూఱేండ్లకు పైగా శాస్త్రమునకు విరోధముగా మాటాడుచున్నదని దీనివలన తేలుచున్నది.

ఈ పోగులను సరిగా లెక్కించుట చిరకాలము దుస్సాధ్యమై యుండెను. అవి యొకదానిపై నొకటి పడి ముద్దగా నుండును. మనుష్యునకు 48 అని ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన పిమ్మట, జావాలో పుట్టిన త్యో యను పండితుడును, స్వీడను దేశపు లెవానును 1956లో అవి 46 మాత్రమేయని చూపిరి. వారి పద్ధతిలో కోల్చిసీను అను పదార్థము ముఖ్యము; అది కణము చీలుచున్న నడిమి దశలో దానిని నిలిపివేయును. ఇదే పదార్థము మన తోపులలో కంచెలకు ప్రాకి, మంటవంటి పూవులు పూయు అడవినాభి దుంపలోను గింజలోను కలదు. మన వైద్యనిఘంటువులు దానిని లాంగలియనియు, గర్భమును పోగొట్టునదనియు చెప్పినవి. గర్భఘాతకమని భయపడిన తీగలోని విషమే గర్భము నిలువకుండుటకు గల ఒక కారణమును లోకమునకు చూపినది.

గుఱ్ఱమునకు 64, గాడిదకు 62, కంచరగాడిదకు 63 అని 1962లో అచ్చుపడెను. అశ్వతరి రహస్యము దానితో చాలవఱకు విడినది. కంచరగాడిద తల్లియైన గోడిగనుండి 32, తండ్రియైన గాడిదనుండి 31 పొందును. తన మేనికి అవి చాలును. అందుచేత అది బలముగానే బ్రతుకును. కాని అండమునో బీజమునో తయారుచేయు వేళ ప్రతి పోగును తన జతను వెదకికొనవలెను. గుఱ్ఱపు పోగులును గాడిద పోగులును కాలక్రమమున ఎన్నోచోట్ల తెగి, మాఱి, వేఱువేఱు విధములుగా కూడినవి. అవి సరిగా జతపడవు. పని నడుమ నిలిచిపోవును. అంకెలో ఒకటి తక్కువ యగుటయే దీనికి కారణమని తలపరాదు. మంగోలియా మైదానములలోని ప్రెజ్వాల్‌స్కీ అడవిగుఱ్ఱమునకు 66. దానికిని మన గుఱ్ఱమునకును పుట్టిన పిల్లకు 65. అయినను అది ఈనును. అచ్చట గుఱ్ఱపు పోగొకటి అడవిగుఱ్ఱపు రెండు పోగుల అతుకు మాత్రమే, జత చెడదు. కంచరగాడిద సైతము ఎప్పుడో ఒకప్పుడు ఈనుట కలదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున 1984లో ఈనిన ఒక అశ్వతరిని పండితులు పరీక్షించి నిజమని నిర్ధారించిరి. అది చావలేదు, పిల్లకు పాలిచ్చి పెంచినది.

ఇక మేలుజాతి గోడిగలు. గుఱ్ఱపుశాలల వారికి అనాదిగా తెలిసిన చిక్కొకటి యుండెను. గోడిగ చూపునకు చక్కనిది. ఒక్కొక్కప్పుడు ఈడుకంటె కొంచెము పొట్టిది. జబ్బు లేదు. మేతకు లోటు లేదు. కాని ఎదకు రాదు, లేదా వేళ తప్పి వచ్చును. మగగుఱ్ఱమును మార్చుదురు, మందులు పోయుదురు, ఏడాది వేచియుందురు, మఱియొక ఏడాది వేచియుందురు. గోడిగ పదునొకొండు మాసములు పిల్లను మోయునది గనుక గడచిన ప్రతి ఋతువును యజమానికి ఒక పిల్ల నష్టము. తుదకు దానిని చవుకగా అమ్మివేయుదురు. కొన్నవాడును ఇదే వరుసను మరల ప్రారంభించును.

ఇట్టి గోడిగ నొకదానిని అమెరికాలో పరీక్షించి, దాని కణములలో 63 పోగులే యున్నవని 1968లో ప్రకటించిరి. రెండు ఎక్సులలో ఒకటి లేదు. 1975 నాటికి ఇంగ్లండులోను అమెరికాలోను ఇట్టివి మఱికొన్ని తేలినవి. అండాశయములు మిక్కిలి చిన్నవి. వానిలో అండములు పెరుగు బుడగలు లేవు. గర్భకోశము బలము లేనిది. గోడిగలలో గొడ్డుతనమునకు హేతువైన పోగుల లోపములలో ఇదియే అన్నింటికంటె తఱచైనదని నేడు పశువైద్యుల నిర్ణయము. తల్లి చేసిన తప్పు గాదు, తండ్రి చేసిన తప్పు గాదు. అండమో బీజమో సిద్ధమగునప్పుడుగాని, పిండమునందలి మొదటి చీలికలలోగాని ఒక పోగు జాఱిపోయినది. మందు పోసి దానిని తిరిగి తెచ్చుట ఎవరి తరమును గాదు. స్వారికి, పందెమునకు ఆ గోడిగ పనికివచ్చును. పరుగులో పేరు పొంది, శాలకు తెచ్చిన పిదపగాని లోపము బయటపడని వానిని గూర్చి పశువైద్యగ్రంథములలో చదువుచున్నాము.

ఇంతకంటె వింతయైనవియు గలవు. కొన్ని గోడిగలకు 64 పోగులును ఉన్నవి, కాని కడపటి జత ఎక్సు, వై. లెక్కనుబట్టి అవి మగవి కావలసినవి. మగతనమునకు మూలమైన జన్యువును 1990లో మనుష్యుల వై పోగుపై గుర్తించిన తరువాత దీని మర్మము కొంత తెలిసినది. ఇట్టి గోడిగలలో పెక్కింటియందు ఆ జన్యువున్న భాగము లోపించినది. అందుచే పిండము ఆడురూపుననే పెరిగినది, కాని అండములు లేవు. మూడు ఎక్సులు గల గోడిగలు గలవు. చూపునకు ఏ లోపమును కానరాకున్నను అవి సామాన్యముగా చూలుకట్టవు. కొన్ని గోడిగల మేనిలో సరియైన కణములును లోపించిన కణములును కలగలిసి యుండును. వానిలో కొన్ని ఈనుటయు కలదు. కావున ఒక్క పరీక్ష చేసి గొడ్డని ముద్ర వేయుట ఇచ్చటను తొందరపాటే.

మగగుఱ్ఱమునకు ఈ లోపము లేదా? కలదు. ఎక్సు, ఎక్సు, వై అను మూడు పోగులు గల మగగుఱ్ఱములు ఒడ్డుపొడవులు గలవియు, ఉత్సాహము గలవియునై యుండవచ్చును. బీజము మాత్రము లేదు. మఱికొన్ని గుఱ్ఱములలో, ఆడువానిలోను మగవానిలోను, పోగుల లెక్క సరిగానే యుండి, ఒకదాని తునుక మఱియొకదానికి అతికి యుండును. ఇట్టి మగగుఱ్ఱమునకు కలిపిన గోడిగలు చూలుకట్టును. కొద్ది వారములకే ఆ చూలు కరగిపోవును. పోయినది గోడిగ కడుపున గనుక అపకీర్తి గోడిగది. శాలలో గోడిగను మార్చుదురు గాని మగగుఱ్ఱమును మార్చుట ఆలస్యముగా తోచును. దాని వెల ఎక్కువ కదా. లండనులోని రాజపశువైద్య కళాశాల వారు 2020లో ప్రకటించిన పరిశోధనలో, మొదటి రెండు మాసములలో పోయిన గుఱ్ఱపు పిండములను పరీక్షింపగా సుమారు అయిదింట ఒకదానిలో పోగుల లెక్క తప్పినట్లు తేలినది. ఈ లోపము తల్లి పోషణలో లేదు, పిండముతోనే పుట్టినది.

అయినను గొడ్డుతనమంతయు పోగులలోనే యున్నదని చెప్పుట మఱియొక మూఢత్వమగును. జపానులో పదునేడువేలకు మించిన గుఱ్ఱపుపిల్లలను పరీక్షింపగా ఎక్సు, వై పోగుల లెక్క తప్పినవి కొలదిగా మాత్రమే దొరకినవి. గర్భకోశపు వ్యాధులు, ముదిమి, మేత లోపము, ఋతువు తప్పుట, ఇవే ఎక్కువ. మాబారు గుఱ్ఱములు హతమైనది అన్నము కుండవలన గాని పోగులవలన గాదు. ఏ జంతువునకు ఏ కారణమో విడివిడిగా పరీక్షింపవలెను. పూర్వులు చేయనిది ఆ విడదీయుటయే.

ఎక్సు ఒకటి లోపించిన గోడిగను గుర్తించుట సాధ్యమైనది స్త్రీలను గూర్చిన పరిశోధన ముందుగా జరిగినందువలన. హెన్రీ టర్నరు అను అమెరికా వైద్యుడు 1938లో పొట్టిగా నుండి, ఈడేరని కొందఱు బాలికల లక్షణములను వర్ణించెను. వారికి ఎక్సు ఒకటి లేదని 1959లో తెలిసినది. ఆడుబిడ్డలలో రెండువేలకో, రెండువేల అయిదువందలకో ఒకతె ఇట్లు పుట్టును. బుద్ధికి సామాన్యముగా లోటుండదు. పూర్వము మన యిండ్లలో ఇట్టి పిల్లకు ఈడేరలేదని పెండ్లి జరుగకుండుటయో, ఈడేరకమునుపే పెండ్లి జరిగి అత్తవారింట 'గొడ్డు' అను పేరు మోయుటయో గతి. గొడ్డుటావునకును, గొడ్డు గేదెకును, స్త్రీకిని మన భాష ఒక్క మాటనే యుంచినది; పురుషునకు అంత వాడుకగా మాట నొకటి పుట్టింపలేదు.

గొడ్రాలైన భార్యపై ఎనిమిదవ యేట మఱియొకతెను తెచ్చుకొనవచ్చునని మనుస్మృతి. ఎనిమిదేండ్లు వేచియుండుమనుటయే దయ యని సమర్థించు పండితులతో మేము వాదించి యున్నాము. ఆ యెనిమిదేండ్లలో భర్తను పరీక్షింపుమని ఆ శ్లోకమున లేదు. నెల్లూరు మదరాసు రాష్ట్రములో నుండినపుడు 1949లో హిందువుల ద్విభార్యాత్వమును నిషేధించు చట్టము వచ్చెను. 1955లో హిందూవివాహ చట్టము దేశమంతటికిని దానిని వ్యాపింపజేసెను. అంతకుముందు సంతానము లేదను మాట రెండవ పెండ్లికి అన్నిటికంటె గౌరవమైన కారణముగా చెల్లుచుండెను. ఆ రెండవ భార్యకును బిడ్డలు కలుగని యిండ్లు ప్రతి యూరను ఉండెడివి. మూడవ సంబంధమునకు పోయినవారును గలరు గాని, దోషము తమయందుండునేమోయని వైద్యుని యొద్దకు పోయినవారు అరుదు. 1959లోనే జేకబ్సు, స్ట్రాంగు అను పరిశోధకులు పురుషులలో ఎక్సు, ఎక్సు, వై అను లోపమును కనిపెట్టిరి. అది టర్నరు లోపముకంటె తఱచైనది. ఆ పురుషుడు మంచి యెత్తరి. ఇంటివారు అతని మగతనమును శంకింపరు. మంత్రసానిని పిలుచునది భార్యకొఱకే.

నేడు గుఱ్ఱపుశాలలలో వివేకులైన యజమానులు రెండు ఋతువులు గడచినను చూలుకట్టని గోడిగ నెత్తురును పరీక్షకు పంపుదురు. మెడ నరమునుండి కొంచెము నెత్తురు తీసి, తెల్లకణములను రెండు మూడు దినములు వెచ్చగా పెంచి, కోల్చిసీనుతో నిలిపి, పలుచని ఉప్పునీటిలో ఉబ్బించి, గాజుపలకపై పఱచి, రంగు వేసి లెక్కింతురు. తల్లిదండ్రుల నిర్ధారణమునకును, కొన్ని జన్యులోపముల పరిశోధనకును ఇంత శ్రమ అక్కఱలేదు; తోకనుండి కుదురుతో పెఱికిన కొన్ని వెండ్రుకలు చాలును. సాళువ నరసింహుని కొలువునకు వర్తకులు తెచ్చిన తోకలలో ఎన్నియో వెండ్రుకలుండెను. సొమ్ము లెక్కించుటకు తప్ప ఆనాడు వానిచే మఱేమియు తెలియదయ్యె. పోగులను సూక్ష్మదర్శినిలో కంటితో చూచి లెక్కింపవలసినపుడు మాత్రము తోక చాలదు. కణము చీలవలెను గనుక బ్రతికియున్న గుఱ్ఱపు నెత్తురే కావలెను.